జీడి పరిశ్రమ లెక్కల డేటాబేస్: ఏ టేబుల్‌ని దేనికి కలపాలి, ఫారిన్ కీ ఎందుకు పడట్లేదు?

ఉద్దానం_డేటా
పలాస దగ్గర జీడి పరిశ్రమ ఒకదాని కొనుగోలు లెక్కల్ని ఎక్సెల్ నుంచి డేటాబేస్‌లోకి మారుస్తున్నాం. ఇప్పటిదాకా అంతా ఒకే షీటు. రైతు పేరు, ఫోను, ఊరు, మండలం, జిల్లా, బస్తాలు (80 కిలోలవి), రేటు, ఇచ్చిన డబ్బు, చివర్న గ్రేడ్లు వరసగా కాలమ్‌లు: డబ్ల్యూ 180, 210, 240, 320, బద్దలు, ముక్కలు. దీన్ని రైతులు, లాట్లు (ఒక రైతు ఒకసారి తెచ్చిన సరుకు ఒక లాటు) అని రెండు టేబుళ్లు చేశాం. లాట్లలో రైతు_ఐడి మీద ఫారిన్ కీ (ఆ ఐడి రైతుల టేబుల్లో ఉండి తీరాలనే లంకె) వేయబోతే "ఫారిన్ కీ కన్‌స్ట్రెయింట్ ఈజ్ ఇన్‌కరెక్ట్‌లీ ఫార్మ్‌డ్", ఎర్రర్ 150 అంటోంది. రైతుల టేబుల్లో ఐడి ప్రైమరీ కీయే (ఒక్కో వరసని విడిగా గుర్తించేది). ఎక్కడ చూడాలి? మిగతా టేబుళ్లు ఎలా విడగొట్టాలో కూడా చెప్పండి.

బొబ్బిలి_బ్యాకెండ్
ఆ ఎర్రర్ మాటలు మరియాడీబీ అనే డేటాబేస్‌వి. ఎక్సాంప్ వేసుకుంటే వచ్చేది అదే. మైఎస్‌క్యూఎల్ 8 అయితే 3780 నంబరుతో ఏ రెండు కాలమ్‌లు కుదరలేదో పేర్లతో చెప్పేది.

రెండు టేబుళ్లకీ "షో క్రియేట్ టేబుల్" కొట్టి పక్కపక్కన పెట్టి చూడండి. రైతుల ఐడి "ఇంట్ అన్‌సైన్డ్" (మైనస్ అంకెలు పట్టని పూర్ణాంకం) ఉండి, లాట్లలో రైతు_ఐడి ఉత్త "ఇంట్" అయి ఉంటుంది. పూర్ణాంకాలకి సైజూ, సైన్డా అన్‌సైన్డా అన్నదీ రెండూ ఒకటే కావాలి. లారావెల్ మైగ్రేషన్‌తో (టేబుల్ని కోడ్ రాసి సృష్టించే పద్ధతి) చేసిన టేబుల్ అయితే ఐడి "బిగ్ఇంట్ అన్‌సైన్డ్" అవుతుంది, చేత్తో రాసిన రెండో టేబుల్ దానికి కుదరదు. ఇంట్ పక్కన కనిపించే 10, 11 అంకెలతో పేచీ లేదు, అవి చూపించే వెడల్పు మాత్రమే.

కీ గనక వార్‌చార్ (అక్షరాల రకం) అయితే పొడవు తేడా ఉన్నా పర్లేదు, క్యారెక్టర్ సెట్టూ కొలేషనూ (అక్షరాల్ని పోల్చే పద్ధతి) మాత్రం ఒకటే ఉండాలి. ఒక టేబుల్ పాత సర్వర్‌లో, ఇంకోటి కొత్త దాంట్లో చేస్తే ఇక్కడే తేడా వస్తుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయనిపిస్తే "షో ఇంజిన్ ఇన్నోడీబీ స్టేటస్" కొట్టండి. అందులో "లేటెస్ట్ ఫారిన్ కీ ఎర్రర్" అనే భాగంలో అసలు కారణం ఉంటుంది.

ఎర్రర్ వచ్చిందంటే నయమే. ఎర్రర్ రాకుండా కీ పడని సందర్భాలే ప్రమాదం. లాట్లు మైఐసామ్ ఇంజిన్‌లో (ఫారిన్ కీలు తెలియని, టేబుళ్లు దాచే పద్ధతి) ఉంటే ఫారిన్ కీ లైను చదివి వదిలేస్తుంది. మైఎస్‌క్యూఎల్ 8 వరకు కాలమ్ పక్కనే "రిఫరెన్సెస్ రైతులు" అని రాసినా అంతే, నోరు మెదపదు. కింద విడిగా "ఫారిన్ కీ" అని రాస్తేనే పడుతుంది. అందుకే వేశాక మళ్లీ ఒకసారి షో క్రియేట్ టేబుల్ కొట్టి, కన్‌స్ట్రెయింట్ కనిపిస్తోందో లేదో చూసుకోవాలి.

ఉద్దానం_డేటా
అదే మాస్టారూ, అన్‌సైన్డ్ తేడాయే. మార్చాక పడింది. ఇప్పుడు గ్రేడ్లు, డబ్బులు. లాట్_గ్రేడ్ అని ఒక టేబుల్, చెల్లింపులు అని ఒక టేబుల్ వేసి రెండిట్లోనూ లాట్_ఐడి పెడదామనుకుంటున్నాం.

నాగావళి
ఆగండి, అక్కడే తేడా కొడుతుంది. షెడ్డులో పని ఎలగ జరుగుతుందో చూసుకుని గీతలు గీయాలి. ఒక రైతు పిక్కలు వేరుగా ఉడకబెట్టరు కదా. నలుగురైదుగురి లాట్లు కలిపి ఒకేసారి ఉడికిస్తారు, తరవాత కోత, ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్. పప్పు గ్రేడ్లు తేలేసరికి అది ఏ రైతు పిక్కో చెప్పలేం. కాబట్టి గ్రేడు లాటుకి చెందదు, ఉడకబెట్టిన బ్యాచికి చెందుతుంది. లాట్_గ్రేడ్ అని టేబుల్ వేస్తే గుమస్తా ఏదో ఒక అంకె కొట్టక తప్పదు, అది కల్పించిన లెక్క అవుతుంది.

సరైన వరస ఇదీ: లాట్లు ఒక టేబుల్, బ్యాచ్‌లు ఒక టేబుల్. ఒక లాటు రెండు బ్యాచ్‌లకి పంచొచ్చు, ఒక బ్యాచ్‌లో చాలా లాట్లు పడతాయి. రెండు వైపులా "చాలా" ఉంది కాబట్టి మధ్యలో లాట్_బ్యాచ్ అనే మూడో టేబుల్ రావాలి. దాంట్లో లాట్_ఐడి, బ్యాచ్_ఐడి, కిలోలు. మొదటి రెండూ కలిపి ప్రైమరీ కీ, విడివిడిగా రెండూ ఫారిన్ కీలు. కిలోలు ఆ జతకి చెందిన సంగతి కాబట్టి అక్కడే ఉండాలి, లాటులోనూ కాదు బ్యాచిలోనూ కాదు.

అలాగే బ్యాచ్_గ్రేడ్: బ్యాచ్_ఐడి, గ్రేడ్ కోడ్, కిలోలు. గ్రేడ్లు కాలమ్‌లుగా వద్దు, కొత్త గ్రేడు వచ్చిన రోజున ఆల్టర్ టేబుల్ చెయ్యాలి, రిపోర్టులన్నీ తిరగరాయాలి. గ్రేడ్ల టేబుల్‌కి మాత్రం అంకె ఐడి అక్కర్లేదు, "డబ్ల్యూ 320" అన్న కోడే కీ చెయ్యొచ్చు. పౌనుకి 300 నుంచి 320 పప్పులు అన్న అర్థం వ్యాపారంలో స్థిరపడింది, మారదు.

ఫారిన్ కీ చెయ్యలేనిది ఒకటుంది. 800 కిలోల లాటుని రెండు బ్యాచ్‌లకి 500, 400గా రాసేస్తే కీ పట్టుకోదు. మొత్తం దాటకుండా ట్రిగ్గర్‌తోనో (వరస మారినప్పుడు తనంతట తాను నడిచే కోడ్) అప్లికేషన్‌లోనో చూసుకోవాలి.

చీపురుపల్లి_ఎస్‌క్యూఎల్
చెల్లింపుల గురించి. సీజన్‌కి ముందే రైతు అడ్వాన్సు పట్టుకెళ్తాడు. అప్పటికి లాటే లేదు. చెల్లింపుల్లో లాట్_ఐడిని నాట్ నల్ (ఖాళీగా ఉండకూడదు) చేస్తే, అడ్వాన్సు రాయడానికి ఎవరో ఒకరు సున్నా కిలోల దొంగ లాటు సృష్టిస్తారు. చెల్లింపు ముందు రైతుకి చెందుతుంది. రైతు_ఐడి నాట్ నల్, లాట్_ఐడి నల్ ఉండొచ్చు.

అయితే ఇంకో చిక్కు. రైతు_ఐడి, లాట్_ఐడి రెండూ ఒకే వరసలో ఉంటే, అప్పలస్వామి పేరు మీద రాసిన డబ్బుకి సూర్యనారాయణ లాటు తగిలించినా విడివిడి కీలు రెండూ ఒప్పేసుకుంటాయి. దీనికి మందు జంట కీ. లాట్లలో (లాట్_ఐడి, రైతు_ఐడి) మీద యూనిక్ (అదే జత రెండోసారి రాకూడదు) పెట్టి, చెల్లింపుల నుంచి ఆ జతకే ఫారిన్ కీ వేయండి. అప్పుడు లాటూ రైతూ పొంతన లేకపోతే 1452 ఎర్రర్ కొట్టి ఆపేస్తుంది. లాట్_ఐడి నల్ ఉన్న అడ్వాన్సుని ఈ జంట కీ పరీక్షించదు, వదిలేస్తుంది. అందుకే రైతు_ఐడి మీద ఇంకో ఫారిన్ కీ విడిగా ఉండి తీరాలి.

ఒకే చెల్లింపు రెండు మూడు లాట్లకి సర్దే అలవాటు ఉంటే లాట్_ఐడి తీసేసి, చెల్లింపు_సర్దుబాటు అని ఇంకో మధ్య టేబుల్ వేసుకోవడమే మేలు.

రాజాం_స్కీమా
మండలం, జిల్లా రైతు వరసలో అక్షరాల్లో రాయొద్దు, దయచేసి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, వంగర శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. జిల్లా పేరు ప్రతి రైతు పక్కనా రాసుకున్న చోట వరస వరసా దిద్దాల్సిందే, సగం పాతవి సగం కొత్తవి మిగిలిపోతాయి. రైతు → ఊరు → మండలం → జిల్లా అని కీలతో కలిపి ఉంటే మండలాల టేబుల్లో ఎనిమిది వరసలు మారిస్తే సరి.

పాత ఏడాది రిపోర్టు అప్పటి జిల్లాతోనే రావాలంటే అదీ చాలదు. మండలం_జిల్లా టేబుల్ పెట్టి, నుంచి, వరకు అని తేదీలు పెట్టాలి. లాటు తేదీ ఏ గడువులో పడితే ఆ జిల్లా.

ఇంకోటి, పేర్లతో కలపొద్దు. ఆమదాలవలస వేరు, రేగిడి ఆమదాలవలస వేరు. కొత్తవలసలు ఎన్ని ఉన్నాయో మన వైపు వాళ్లకి చెప్పనక్కర్లేదు. లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్లు ఉన్నాయి, అవి ఒక కాలమ్‌లో యూనిక్‌గా పెట్టుకోండి. పైగా తెలుగులో టైపు చేసిన పేర్లలో కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ దూరుతుంది. రెండు పేర్లు చూడ్డానికి ఒకటే, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ దృష్టిలో వేరు.

ఉద్దానం_డేటా
చాలా ఉపయోగం. పాత షీటు ఎక్కించేటప్పుడు "ఫారిన్_కీ_చెక్స్ = 0" (కీల పరీక్ష ఆపేసే సెట్టింగ్) పెట్టి లోడ్ చేసి మళ్లీ 1 చేస్తే పాతవన్నీ సరిచూస్తుందా? డిలీట్‌కి అన్ని చోట్లా కాస్కేడ్ (పైది చెరిపితే దానికి కలిపినవీ చెరగడం) పెట్టేయొచ్చా?

బొబ్బిలి_బ్యాకెండ్
చూడదు. 1 చేసినప్పట్నుంచి వచ్చేవాటినే చూస్తుంది, లోపలికి వచ్చేసిన తప్పులు అలాగే ఉంటాయి. ముందు షీటు మొత్తాన్ని కీలేమీ లేని స్టేజింగ్ (తాత్కాలిక) టేబుల్లోకి, అన్నీ వార్‌చార్‌గా దించండి. అక్కడ పేర్లు, ఖాళీలు శుభ్రం చేసి రైతుల్ని ఏరండి. ఫోను నంబరొక్కటే నమ్మొద్దు, తండ్రీకొడుకులకి ఒకే నంబరు ఉంటుంది. ఆ తర్వాత పైనుంచి కిందికి: జిల్లాలు, మండలాలు, ఊళ్లు, రైతులు, లాట్లు, బ్యాచ్‌లు, చివర్న మధ్య టేబుళ్లు. ఇప్పటికే ఎక్కించేసి ఉంటే లాట్లని రైతులతో లెఫ్ట్ జాయిన్ (రైతు దొరక్కపోయినా లాటు వరస ఉంచేది) చేసి, లాట్లలో రైతు_ఐడి ఉండి రైతుల ఐడి నల్‌గా వచ్చిన వరసలు తీయండి. అవే దిక్కులేని లాట్లు.

కాస్కేడ్ అన్ని చోట్లా వద్దు. ఒక రైతుని చెరిపితే లాట్లు, డబ్బులు మొత్తం పోతాయి. డబ్బున్న చోట రిస్ట్రిక్ట్ (కలిపిన వరసలు ఉంటే చెరపనివ్వదు). రైతుని చెరపకుండా "వాడుకలో ఉన్నారా" అనే కాలమ్ చాలు. బ్యాచ్ నుంచి బ్యాచ్_గ్రేడ్‌కి కాస్కేడ్ పెట్టొచ్చు, బ్యాచ్ లేకుండా ఆ వరసకి అర్థం లేదు. కాకపోతే మైఎస్‌క్యూఎల్, మరియాడీబీల్లో కాస్కేడ్‌తో పోయిన వరసలకి డిలీట్ ట్రిగ్గర్ పేలదు. ఆడిట్ లాగ్ ట్రిగ్గర్ మీద నడుస్తుంటే అవి లాగ్‌లో కనిపించవు.

నాగావళి
రిపోర్టులు రాసేటప్పుడు ఒక హెచ్చరిక. 80 కిలోల బస్తా 12,000 చొప్పున 10 బస్తాల లాటు, 1,20,000 మూడు విడతల్లో ఇచ్చారు, పిక్కలు రెండు బ్యాచ్‌లకి వెళ్లాయి అనుకోండి. లాట్లని చెల్లింపులతోనూ, లాట్_బ్యాచ్‌తోనూ ఒకే క్వెరీలో జాయిన్ చేస్తే 3 × 2 = 6 వరసలు. డబ్బు కూడితే 2,40,000, బ్యాచ్ కిలోలు కూడితే 2,400. డిస్టింక్ట్ (ఒకేలాంటివి ఒక్కసారే లెక్కించేది) పెట్టి సరిచేద్దామంటే ఇంకా పాడవుతుంది, 40,000 విడతలు మూడూ సమానమైతే ఒకటే మిగులుతుంది. ఏటంటే, చెల్లింపుల్ని లాట్ వారీగా ముందే కూడి, కిలోల్ని విడిగా కూడి, ఆ రెండు సబ్‌క్వెరీలనీ లాట్లకి కలపాలి.

ఉద్దానం_డేటా
చివరి ప్రశ్న. తూకం కాటా దగ్గర నెట్ ఉండదు, లాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్‌లో (ఒకే ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) రాసుకుని సాయంత్రం పంపుదామని. కీలు అక్కడా పనిచేస్తాయా?

చీపురుపల్లి_ఎస్‌క్యూఎల్
పనిచేస్తాయి, కానీ మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. "ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్" అని కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఇవ్వాలి, ఫైల్లో నిలవదు. ట్రాన్సాక్షన్ మొదలయ్యాక ఇస్తే ఏమీ జరగదు, ఎర్రరూ రాదు. చైల్డ్ వైపు (ఫారిన్ కీ ఉన్న టేబుల్) కాలమ్‌కి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచీ) మీరే వేయాలి. మరియాడీబీలోలా దానంతట అది పడదు, పోస్ట్‌గ్రెస్‌లోనూ అంతే. రెండు కాటాలుంటే ఆటో నంబర్లు ఢీకొంటాయి కాబట్టి లాట్ కీ యూయూఐడి (ఎక్కడ పుట్టినా ఢీకొనని పొడవాటి గుర్తింపు) చేసుకోండి, లేదా కాటా నంబరు కలిపి జంట కీ పెట్టండి. సాయంత్రం పంపేముందు "ప్రాగ్మా ఫారిన్_కీ_చెక్" కొడితే తెగిన వరసలు టేబుల్ పేరుతో సహా బయటికొస్తాయి. అది ఖాళీగా వచ్చాకే అప్‌లోడ్ నొక్కండి.