మంద వేరు, దండు వేరు

ఇంగ్లీషులో సింహాల గుంపుకు ప్రైడ్, పెద్దబాతులకు గ్యాగిల్ అని ఒక్కో జంతువుకూ ఒక్కో మాట ఉంది కదా, తెలుగులో అన్నిటికీ గుంపేనా అని ఒకరు అడిగారు. ఆ ఇంగ్లీషు మాటలు చాలావరకు పాత వేటగాళ్ల పట్టికల్లోవి. 1486లో అచ్చయిన 'బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్'లో ఈ రెండూ ఉన్నాయి. దొరగారు వేటకెళ్తే ఏ గుంపును ఏమనాలో తెలిసుండాలి, లేకపోతే పరువు పోతుంది! జర్మన్‌లోనూ కొంత ఇంతే: తోడేళ్లయితే రూడెల్, అడవిపందులయితే రొట్టె (మనం తినేది కాదు).

తెలుగు దారి వేరు. ఇక్కడ చూసేది జంతువును కాదు, అది ఏం చేస్తోందన్నది. చీమలు వరసగా పోతుంటే బారు, తీపి మీద పడితే దండు. కొంగలు ఎగిరినా బారే. 2020లో మిడతలు వచ్చిపడినప్పుడు పేపర్లన్నీ 'మిడతల దండు' అనే రాశాయి. పంట మీదికి దండెత్తే వాటిని గుంపు అంటే సరిపోదు మరి.

మంద అంటే మాత్రం ఎక్కువగా వెనక కాపరి ఉన్నదే. గొర్రెల మంద, ఆవుల మంద అంటాం కానీ తోడేళ్ల మంద అనం. ఎరువు కోసం రాత్రిపూట పొలంలో గొర్రెల్ని పడుకోబెట్టడాన్ని 'మంద కట్టించడం' అంటారు. కన్నడంలో మందె, తమిళంలో మందై, అన్నీ ఒక్కింటి మాటలే.

— సంస్కృతం సంగతి కూడా చెప్పండి సార్.

— అక్కడ జంతువు పేరుకే ప్రత్యయం తగిలిస్తారండీ. అమరకోశమనే పాత సంస్కృత నిఘంటువులో పావురాల గుంపు కాపోతం, చిలకలది శౌకం, నెమళ్లది మాయూరం. నాకు బాగా నచ్చింది మాత్రం ఇది: 'పశూనాం సమజోఽన్యేషాం సమాజః'. పశువుల గుంపయితే సమజం, తక్కినవాళ్లదయితే సమాజం. తేడా ఒక్క దీర్ఘమే! ఈ మాటల్లోని 'అజ్' అనే ధాతువుకు (క్రియామూలానికి) తోలడం అని అర్థం. పశువుల విషయంలో దీర్ఘం రాదని సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ప్రత్యేకంగా సూత్రమే పెట్టాడు: 'సముదోరజః పశుషు'. అంటే సమజం కూడా కాపరి తోలుకెళ్లేదే, మన మంద లాగా.

— మరి చేపలకో?

— నేను విన్నంతలో గుంపే. చేపలు పట్టేవాళ్ల దగ్గర వేరే మాట ఉండొచ్చు. తీరం వైపు వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.