అప్‌డేట్: తలకిందులుగా దిగే ఆ నీలం పిట్ట ఏదో తెలిసింది

అడవిలో చెట్టు మాను మీద తలకిందులుగా పరుగెత్తే చిన్న నీలం పిట్ట వడ్రంగిపిట్టేనా అని అడిగాను కదా. రంగు కంటే ముందు తోకను, కాళ్లను గమనించమన్నారు మీరు. ఎంత మంచి సలహానో! అది వెల్వెట్ ఫ్రంటెడ్ నట్‌హాచ్. ఇక డౌట్ లేదు.

వడ్రంగిపిట్ట బిరుసు తోకను మానుకు ఆనించి, ఆ ఊతంతో పైకి ఎక్కుతుంది. ఇది తోక ఆనించనే ఆనించదు. ఒక కాలు పైన, ఇంకోటి కాస్త కింద పెట్టి, పట్టంతా గోళ్ల మీదే ఉంచుతుంది. అందుకే కిందికి దిగడం కూడా దానికి అంత సులువు.

బైనాక్యులర్స్‌లో దగ్గరగా కనిపించినప్పుడు ఎర్రటి ముక్కు, పసుపు కన్ను, నుదుటి మీద నల్ల మచ్చ స్పష్టంగా తెలిశాయి. జంటలో ఒకదానికి కంటి పైనుంచి వెనక్కి సన్నని నల్ల గీత ఉంది, అది మగది. ఆడదానికి ఆ గీత ఉండదు.

వెతకాలనుకునేవాళ్లు ముందు చెవులు పెట్టండి. "చిట్ చిట్ చిట్" అని గబగబా వినిపిస్తుంది. రకరకాల చిన్న పిట్టలు గుంపుగా మేస్తూ వస్తే కదలకుండా నిలబడండి, వాటితో పాటు ఇదీ తిరుగుతుంటుంది. రికార్డు చేసిన కూత వినిపించి పిలవొద్దు, ముఖ్యంగా చెట్టు తొర్రలో గూడు పెట్టే రోజుల్లో.

ఆ నట్‌హాచ్ జంట వెంట రంగు వెలిసినట్టున్న, ముక్కు నల్లగా ఉన్న ఇంకో పిట్ట కూడా ఉంది. పిల్లే అనుకుంటున్నాను. ఫొటో పెడుతున్నాను, చూసి చెప్పండి.