బ్లూస్ మౌతార్గాన్ అని బోర్డు పెట్టి సినిమా పాటలు వాయిస్తే ఎట్లా?

కొర్లగుంటోడు:
ఆదివారం సాయంత్రం తిరుపతిలో ఒక చిన్న హాల్లో 'బ్లూస్ హార్మోనికా, మన ప్రాంతం కళాకారులతో' అని 300 రూపాయల టికెట్ పెట్టారు. హార్మోనికా అంటే మౌతార్గానే, బ్లూస్ అంటే అమెరికా నల్లజాతి వాళ్ల సంగీతం. చిత్తూరు, మదనపల్లె, నెల్లూరు, వేలూరు నుంచి ఆరుగురు వచ్చారు. నలుగురు పాత సినిమా పాటలే వాయించారు. బాగా వాయించారు, కాదనను. కానీ బిర్యానీ అని పిలిచి పులిహోర పెడితే, పులిహోర ఎంత బాగున్నా అడగాలా వద్దా?

రేణిగుంట ప్యాసింజర్:
అడుగు సామీ, కానీ చప్పట్లు ఎప్పుడు పడ్డాయో నువ్వూ విన్నావు గదా. ఒట్టి బ్లూస్ అంటే ముప్పై మంది వస్తారు, హాలు బాడుగ నువ్వు కడతావా? వయొలిన్ బయటి నుంచి వచ్చిందే, మాండొలిన్ కూడా అంతే. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు దాంతో ఏం చేశారో లోకమంతా చూసింది. వాయిద్యం ఏ ఊరిదైతే ఆ ఊరి పాటే వాయించాలా?

కొర్లగుంటోడు:
ఆయన కర్ణాటక కచేరీ అని చెప్పి కర్ణాటక సంగీతమే వాయించారన్నా. నా గొడవ అదే.

బైరాగిపట్టెడ వయొలిన్:
పాట సంగతి తర్వాత, వాళ్ల చేతిలో ఉన్నది చూశారా? ఆ నలుగురిదీ ట్రెమోలో రకం. ఒక్కో స్వరానికి రెండు రీడ్లు (ఊదితే కంపించే సన్నని రేకులు), కాస్త తేడా శ్రుతిలో, అందుకే ఆ తీయటి వణుకు. దాంట్లో స్వరాన్ని వంచడం చాలా కష్టం. బ్లూస్‌కి పది రంధ్రాల చిన్నది కావాలి, దాన్నే హార్ప్ అంటారు, అదీ సి శ్రుతి హార్ప్ తీసుకుని జి శ్రుతిలో, ఎక్కువగా గాలి లోపలికి పీలుస్తూ వాయిస్తారు. చిత్తూరు అబ్బాయి మూడో రంధ్రం పీల్చి గొంతు సడలించగానే అంతర గాంధారం మెల్లగా దాని కింది సాధారణ గాంధారం వైపు జారి, రెంటి మధ్యలో ఆగింది చూశారా, నాకు రోమాలు లేచాయి. స్వరాన్ని ఇట్లా జార్చి ఊపే గమకానికి మా గురువుగారు ఎంత తిట్టారో నాకు తెలుసు కదా! అప్పుడే సౌండ్ ఆయన వచ్చి మైకు చేతిలోంచి లాక్కుని స్టాండుకి పెట్టేశాడు. అయిపోయింది, శబ్దం పలచబడిపోయింది. మైకునీ హార్ప్‌నీ కలిపి రెండు చేతుల దోసిట్లో మూసి యాంప్లిఫయర్‌లోకి ఊదడమే అమెరికా బ్లూస్ హార్మోనికా కళాకారుడు లిటిల్ వాల్టర్ పద్ధతి. 1952లో ఆయన 'జూక్' అనే ఒట్టి వాయిద్యం ముక్క అమెరికా ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) చార్టులో మొదటి స్థానానికి పోయిందంటే అందులో ఆ శబ్దం వాటా తక్కువేం కాదు.

రేణిగుంట ప్యాసింజర్:
ఇదంతా స్టేజీ మీద రెండు ముక్కల్లో చెప్పి ఉంటే నేనూ చెవి పెట్టి వినేవాణ్ణి. ఫీడ్‌బ్యాక్‌తో హాలంతా కుయ్యిమంటుంటే ఆ సౌండ్ ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం.

చిత్తూరోడు:
ఆ మైకు నాదేనన్నా. సౌండ్ చెక్‌కి నేను గంట లేటు, బస్సు పాకాల దగ్గర ఆగిపోయింది, తప్పు నాది కూడా. ఆ నలుగురినీ ఏమీ అనొద్దు, వాళ్లకు నిర్వాహకులు బ్లూస్ అనే మాటే చెప్పలేదు, 'మౌతార్గాన్ ప్రోగ్రాం, మీకొచ్చింది వాయించండి' అన్నారంతే.

కొర్లగుంటోడు:
అట్లనా! అయితే ఆ బోర్డు రాయించినోళ్లనే అడగాలి. తమ్ముడూ, మళ్లీ ఎప్పుడన్నా వాయిస్తే చెప్పు, మైకు నేను పట్టుకొస్తా.