మూడో రన్నింగ్ బిల్లులో 28,800 తేడా, ఎక్కడుందో దొరకడం లేదు

సైటు పద్దు
పొద్దున పదింటికి ఈ రన్నింగ్ బిల్లు (పని సాగుతుండగా మధ్యమధ్యలో వేసే బిల్లు) పట్టుకున్నాను. ఇప్పుడు రాత్రి ఎనిమిది. ఎక్సెల్‌లో మూడుసార్లు, కాగితం మీద రెండుసార్లు వేశాను. ప్రతిసారీ అదే అంకె.

అయిదంతస్తుల అపార్టుమెంటు. ప్లాస్టరింగ్ మేస్త్రీకి చదరపు అడుగుకు 30 రూపాయల చొప్పున కూలి ఒప్పందం. సిమెంటు, ఇసుక మావే. ఇప్పటిదాకా అయిన పని 24,000 చదరపు అడుగులు, అంటే 7,20,000. అందులో రిటెన్షన్ (పనిలో లోపాలు తేలితే అని ఆపి ఉంచే సొమ్ము) 5 శాతం, టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టే ఆదాయపు పన్ను) 1 శాతం కోశాను. మునుపటి రెండు బిల్లులకు ఇచ్చిన 4,80,000 తీశాను. నాకు 1,16,800 వస్తోంది. మేస్త్రీ తన నోటుపుస్తకం తెచ్చి 1,45,600 రావాలంటున్నాడు. కొలతల మీద ఇద్దరికీ పేచీ లేదు. ఆయన అయిదో తరగతితో చదువు ఆపిన మనిషి, నేను బీకాం. ఆయన లెక్క తప్పని చూపించలేకపోతున్నాను, నాది ఒప్పని నిరూపించలేకపోతున్నాను. రేపు శనివారం, ఆయన పన్నెండు మంది కూలీలకు పంచాలి. దయచేసి ఎవరైనా చూడండి.

పాత ఓవర్సీర్
కొలతల మీద పేచీ లేదన్నారు. నా అనుభవంలో అన్ని పేచీలూ అక్కడే పుడతాయి. ఆ 24,000 అడుగుల్లో తలుపులు, కిటికీలు ఎలా తీశారు? కట్టడం పనులు ఎలా కొలవాలో చెప్పే ప్రమాణం ఐఎస్ 1200, అందులో పన్నెండో భాగం ఒకసారి చదవండి. అర చదరపు మీటరు లోపు ఖాళీలకు ఏమీ తీయకూడదు. అర నుంచి 3 చదరపు మీటర్ల దాకా ఉంటే, గోడకు రెండు వైపులా ఒకే రకం ప్లాస్టరింగ్ అయినప్పుడు ఒక వైపే తీయాలి, జాంబులకు (ఖాళీకి పక్కల ఉండే గోడ అంచులకు) విడిగా కొలత ఇవ్వకూడదు. 3 చదరపు మీటర్లు దాటితే రెండు వైపులా తీసి, జాంబులు, పై అంచు, కింది అంచు కొలిచి కలపాలి. అంటే నాలుగడుగుల చదరపు కిటికీకి ఒక వైపే తీస్తారు. బాల్కనీలోకి తెరుచుకునే ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు తలుపుకు రెండు వైపులా తీస్తారు. ఇది తెలియక కిటికీలన్నింటికీ రెండు వైపులా తీసేసి మేస్త్రీల పొట్టకొట్టిన ఇంజనీర్లను చూశాను. అసలు ఖాళీలే తీయకుండా యజమానికి నష్టం చేసినవాళ్లనూ చూశాను. ఒప్పందంలో ఏ పద్ధతో రాసుకున్నారా?

ఎం-బుక్
మీరు ఇచ్చిన అంకెలతో 1,16,800 రాదు. 7,20,000లోంచి 36,000, 7,200, 4,80,000 తీస్తే 1,96,800. ఇంకేం తీశారు?

సైటు పద్దు
ఓవర్సీర్ గారూ, కొలతలు ఇంజనీరు వేశారు, మేస్త్రీ సంతకం పెట్టాడు. నా ప్రశ్న అది కాదండీ.

ఎం-బుక్ గారూ, వారం ఖర్చులు తీశాను. శనివారం శనివారం మేస్త్రీకి 20,000 చొప్పున నాలుగు వారాలు ముందుగా ఇచ్చాం, మొత్తం 80,000. ప్రతి సైటులోనూ ఉండేదే కదా అని రాయలేదు. మేస్త్రీ కూడా దాన్ని తీసే వేసుకున్నాడు, తేడా అక్కడ లేదు.

పన్ను కాగితం
ఆ 80,000 ఇచ్చిన రోజున టీడీఎస్ పట్టారా? బిల్లు రాసినప్పుడు పట్టుకుంటాంలే అనుకోవడం చాలా చోట్ల ఉన్న అలవాటు, అది తప్పు. ఆదాయపు పన్నులో మనం ఏళ్లుగా 194సి అని పిలుచుకుంటున్న నియమం ప్రకారం పద్దులో జమ చేసిన రోజు, డబ్బు ఇచ్చిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందైతే ఆ రోజే పట్టాలి. ఒక్క చెల్లింపు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా ఇది వర్తిస్తుంది. మీ మేస్త్రీ లక్ష ఎప్పుడో దాటాడు. వ్యక్తి కాబట్టి 1 శాతం, కంపెనీ అయితే 2 శాతం. పాన్ ఇవ్వకపోతే 20 శాతం దాకా వెళ్తుంది. ఆ పాపం ఎవరు మోస్తారు? ముందు ఆయన పాన్ తీసుకున్నారో లేదో చూసుకోండి.

సెంట్రింగ్ మనిషి
నేను పద్నాలుగేళ్లుగా ఈ లెక్కకు అవతలి వైపున ఉన్నవాణ్ణి. సైటు పద్దు గారూ, ఒక్క మాట అడుగుతాను, కోపగించుకోవద్దు. రిటెన్షన్ "కోశాను" అని ఎందుకు రాస్తారు? కోత అంటే పోయిన డబ్బు. టీడీఎస్ కూడా పోయింది కాదు, నా పేరున ప్రభుత్వానికి కట్టింది, రిటర్ను వేస్తే నా లెక్కలోకి వస్తుంది. రిటెన్షన్ అయితే అచ్చంగా నా కూలి, మీ దగ్గర ఆగింది. పని అయ్యాక సగం, లోపాల గడువు తీరాక సగం అని నోటితో చెబుతారు. ఆ రోజు వచ్చేసరికి పాత అకౌంటెంటు వెళ్లిపోతాడు, కొత్తాయన పద్దులో అలాంటిది లేదంటాడు. పోయిన సంక్రాంతికి నా 62,000 అలాగే పోయింది.

పాత ఓవర్సీర్
మీ బాధ నిజమే. కానీ మాటకు మాటగా చెప్పాలంటే, ప్రభుత్వ పనుల్లో దీన్ని సెక్యూరిటీ డిపాజిట్ అంటారు. బిల్లుల్లోంచి రికవరీ అనే రాస్తారు. కోత అన్నా, రికవరీ అన్నా ఒకటే.

సెంట్రింగ్ మనిషి
ఒకటి కాదండీ. డిపాజిట్ అంటే దాచినది అని అందులోనే ఉంది. కోత అన్న మాటలో తిరిగి ఇవ్వాలన్న సంగతి లేదు. మాట మారితే పద్దు కూడా మారుతుంది.

పన్ను కాగితం
పద్దు ప్రకారం సెంట్రింగ్ గారి మాటే సరి. రిటెన్షన్‌ను మేస్త్రీకి మనం ఇవ్వాల్సిన అప్పుగా చూపాలి, ఖర్చు తగ్గించి రాయకూడదు. టీడీఎస్ కూడా రిటెన్షన్ కలిపిన మొత్తం బిల్లు మీదే పట్టాలి. 95 శాతం మీద పట్టేవాళ్లు ఉన్నారు.

ఎం-బుక్
28,800ను 4,80,000తో భాగించండి.

సైటు పద్దు
0.06. అయితే?

ఎం-బుక్
6 శాతం. 5, 1 కలిపితే ఎంత?

సైటు పద్దు
అర్థం కాలేదండీ. కొంచెం విడమరచి చెప్పండి. పొద్దుటి నుంచి తిండి కూడా సరిగ్గా లేదు.

ఎం-బుక్
4,80,000 మీరు "ఇచ్చినది" కాదు. అది రెండు బిల్లుల మొత్తం. చేతికి ఇచ్చింది 4,51,200. మిగతా 28,800లో 24,000 రిటెన్షన్, 4,800 టీడీఎస్. ఇప్పుడు 7,20,000 మొత్తం మీద మొదటి నుంచీ 6 శాతం తీశారు. ఆ పైన పాత 28,800ను ఇచ్చినట్లు మళ్లీ తీశారు. ఒకే డబ్బు రెండుసార్లు.

లెవెల్ పైపు
ఆయన క్లుప్తంగా చెప్పారు, నేను కొంచెం సాగదీస్తాను. రన్నింగ్ బిల్లు వేయడానికి దారులు రెండు. ఒకటి, మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా అయిన పని మొత్తం వేసి, దాని మీద ఆపాల్సినవన్నీ ఆపి, ఇప్పటిదాకా చేతికిచ్చింది తీయడం. 7,20,000లో 43,200 తీస్తే 6,76,800, అందులో 4,51,200 తీస్తే 2,25,600, వారం ఖర్చులు 80,000 పోతే 1,45,600. రెండోది, ఈసారి అయిన పని మాత్రమే వేయడం. 8,000 అడుగులకు 2,40,000, అందులో 12,000, 2,400 తీస్తే మళ్లీ అదే 2,25,600. మీ మేస్త్రీ రెండో దారిలో వెళ్లాడు. మీరు మొదటి దారిలో బయలుదేరి, మధ్యలో రెండో దారి అంకె ఎక్కించారు. మొత్తానికి మొత్తం తీయాలి, నికరానికి నికరం తీయాలి.

నాకైతే మొదటి పద్ధతే మంచిది. పాత బిల్లులో కొలత తప్పుపడితే తర్వాతి బిల్లులో దానంతట అదే సర్దుకుంటుంది. కానీ బిల్లు కాగితం మీద మూడు గడులు ఉండాలి: ఇప్పటిదాకా, పోయిన బిల్లుదాకా, ఈసారి. రిటెన్షన్‌కు, టీడీఎస్‌కు, వారం ఖర్చులకు కూడా అవే మూడు గడులు. ఒకటే గడి ఉన్న కాగితంలో ఈ తప్పు ఎవరికీ కనపడదు. ఆగిన రిటెన్షన్ మొత్తం ఇప్పటికి ఎంతో ప్రతి బిల్లు కింద రాసి మేస్త్రీ చేత సంతకం పెట్టించండి. సెంట్రింగ్ గారికి జరిగింది అప్పుడు ఇంకొకరికి జరగదు.

సెంట్రింగ్ మనిషి
ఆ సంతకం కాగితం నకలు మేస్త్రీకి కూడా ఇవ్వండి. మీ ఫైల్లో ఉంటే మాకు ఉపయోగం లేదు. ఇంకొక మాట. బిల్డరు దగ్గర నుంచి డబ్బు రాలేదని రేపు ఆపకండి. మీ ఒప్పందం బిల్డరుతో, మేస్త్రీది మీతో. కూలీలకు జీతం అందకపోతే అసలు యజమాని ఇవ్వాల్సి వస్తుందని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉన్న నియమం.

సైటు పద్దు
దొరికింది. పాత ఫైలు తీసి చూశాను, చెక్కులు కలిపితే సరిగ్గా 4,51,200. మేస్త్రీకి ఫోను చేసి చెప్పాను, రేపు పొద్దున 1,45,600 ఇస్తాం. రెండో బిల్లులో కూడా ఇలాగే చేశానేమోనని భయం వేసి అదీ చూశాను, అది సరిగ్గానే ఉంది. టీడీఎస్ తేదీలు సోమవారం మా ఆడిటరును అడుగుతాను. అందరికీ ధన్యవాదాలు.

పాత ఓవర్సీర్
సంతోషం. ఇంతకీ ఆ బాల్కనీ తలుపులకు జాంబులు కొలిచారా, లేదా? అంతస్తుకు ఎన్ని ఉన్నాయో చెబితే నేను లెక్క వేసి పెడతాను.