మా అన్న మీద ఫెలనీ (తీవ్రమైన నేరం) కేసు పెట్టారు, ఏం చేయాలో తెలియడం లేదు

పెద్దలందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా. ఆగస్టులో మాస్టర్స్ చదవడానికి డాలస్ దగ్గరికి వచ్చాను. నాకంటే ఏడాది ముందు వచ్చిన మా పెదనాన్న కొడుకును శుక్రవారం సాయంత్రం అరెస్టు చేశారు. టెలిగ్రామ్‌లో ఎవరో పార్ట్‌టైమ్ పని ఇచ్చారు. చెప్పిన ఇంటికి వెళ్లి పార్సిల్ తీసుకుని ఇంకొకరికి అందించాలి. ఆ ఇల్లు డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడది, పార్సిల్‌లో నలభై వేల డాలర్లు ఉన్నాయట. తప్పు ఒప్పుకుంటే త్వరగా వదిలేస్తారని జైల్లో ఎవరో చెప్పారని ఫోన్ చేసి ఏడుస్తున్నాడు. పెదనాన్నకు ఇంకా చెప్పలేదు. ఒకసారి నేను కూడా కారులో వెంట వెళ్లాను. దయచేసి సలహా ఇవ్వండి.

*

తమ్ముడూ, నీ చివరి మాటతోనే మొదలుపెడతాను. కారులో వెంట వెళ్లిన సంగతి ఇకమీదట ఇక్కడ గానీ, వాట్సాప్‌లో గానీ, యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల ఆఫీసులో గానీ ఎత్తకు. నీకు విడిగా ఒక లాయరు కావాలి. మీ అన్న లాయరు నీకు పనికిరాడు, ఎందుకంటే ఒకరిని కాపాడే మాటే రేపు ఇంకొకరిని ముంచవచ్చు. భయపడి ఫోనులో మెసేజ్‌లు చెరిపేయకు. దర్యాప్తు నడుస్తోందని తెలిసి సాక్ష్యం మాయం చేస్తే టెక్సస్‌లో అదే మరో ఫెలనీ అవుతుంది. పోలీసులు పిలిస్తే పేరు చెప్పు, లాయరు లేకుండా మాట్లాడనని మర్యాదగా చెప్పు, అక్కడితో ఆగిపో. ఆ హక్కు పౌరులకే కాదు, వీసా మీద ఉన్న మనకూ ఉంది.

మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇలాంటి కేసులోనే ఇరుక్కున్న ఒక కుర్రాడి విచారణ వీడియోను అతని లాయరు పక్కన కూర్చుని చూశాను. అధికారి ప్రశ్న ముగియకముందే ‘ఊఁ, ఎస్ సర్’ అంటున్నాడు. వింటున్నాను అని అతని ఉద్దేశం, ఇంట్లో పెద్దలతో మాట్లాడే అలవాటు. ‘అందులో డబ్బుందని నీకు తెలుసు కదా’ అన్నప్పుడూ అదే ‘ఎస్ సర్’ వచ్చింది. మరుక్షణమే తెలియదని అన్నాడు, కానీ రిపోర్టులోకి ఎక్కింది మొదటి మాటే. అది చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇక మీ అన్న కేసు. టెక్సస్‌లో దొంగతనం సొమ్ము 2,500 డాలర్లకు చేరితే ఫెలనీ మొదలవుతుంది. 30,000 నుంచి 1,50,000 లోపు అయితే మూడో డిగ్రీ ఫెలనీ (డిగ్రీ అంటే తీవ్రత మెట్టు, అంకె తగ్గేకొద్దీ నేరం పెద్దది). సొమ్ము పోగొట్టుకున్నవారికి అరవై ఐదేళ్లు నిండితే ఒక మెట్టు పైకి, అంటే రెండో డిగ్రీకి వెళ్తుంది. దానికి రెండు నుంచి ఇరవై ఏళ్ల జైలు. కేసు కాగితంలో ఏ సెక్షన్ రాశారో లాయరు చూడాలి. దీని తర్వాత కేసు గ్రాండ్ జ్యూరీ ముందుకు, అంటే కేసు నడపాలా వద్దా తేల్చే సామాన్య పౌరుల బృందం ముందుకు వెళ్తుంది. పన్నెండు మందిలో కనీసం తొమ్మిది మంది ఒప్పుకుంటేనే అభియోగం నిలుస్తుంది. పార్సిల్‌లో ఏముందో తెలియదన్న వాదనకు ఆ దశలోనే బలం చేకూర్చగల లాయర్లు ఉన్నారు. అందుకే తొందరపడి ఒప్పుకోవద్దంటున్నాను.

ఒప్పుకోవడం గురించి ఇంకొక మాట, ఇది మీ అన్నకు అక్షరం పొల్లుపోకుండా చేరాలి. ఇక్కడ డిఫర్డ్ అడ్జుడికేషన్ అని ఒక ఏర్పాటు ఉంది. నేరం ఒప్పుకుంటే జడ్జి దోషి అని ప్రకటించకుండా కొన్నేళ్లు నిఘాలో ఉంచుతారు, సవ్యంగా నడుచుకుంటే కేసు కొట్టేస్తారు. ఇక్కడి పౌరుడికి అది వరమే, మనకు మాత్రం ఉచ్చు. 1996 నాటి ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం నేరం ఒప్పుకుని ఏదో ఒక ఆంక్ష పడితే చాలు, శిక్ష పడినట్టే లెక్క. మోసం కేసులో నష్టం పది వేల డాలర్లు దాటితే మరీ తీవ్రం, దేశం నుంచి పంపేయకుండా ఆపుకొనే దారులు దాదాపు మూసుకుపోతాయి. నేరం ఒప్పుకునే ఒప్పందం మీద సంతకం చేసే ముందు ఈ ప్రమాదం గురించి క్లయింటుకు చెప్పి తీరాలని 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు క్రిమినల్ లాయర్లను ఆదేశించింది. అయినా నువ్వే అడుగు: ‘దీన్ని ఇమిగ్రేషన్ లాయరుకు చూపించారా?’ లేదంటే సంతకం వద్దు.

*

బాబూ, మా చెల్లెలి కొడుకు విషయంలో ఇదంతా అనుభవించాను కాబట్టి రాస్తున్నాను. బెయిలు డబ్బు కట్టే ముందు మీ అన్న మీద ఇమిగ్రేషన్ వాళ్ల హోల్డ్ (వదిలేటప్పుడు తమకు అప్పగించమని జైలుకు పంపే కాగితం) ఉందేమో జైలును అడగమని లాయరుకు చెప్పు. అది చూసుకోకుండా కడితే జైలు నుంచి బయటికి రాకుండా నేరుగా వాళ్ల చేతికి వెళ్లవచ్చు. మన తరఫున బెయిలుకు పూచీ పడే బాండు ఏజెంటుకు ఇచ్చే రుసుము, సాధారణంగా పది శాతం దాకా, తిరిగి రాదు.

జైలు ఫోన్లు రికార్డు అవుతాయి. తెలుగులో మాట్లాడితే ఎవరికి అర్థమవుతుందిలే అనుకున్నాం మేము. మా అక్క ‘ఎంత తీసుకున్నావురా’ అని అడిగిన మాట ఇంగ్లీషులో టైపు చేసి కోర్టులో పెట్టారు. మీ అన్న ఫోన్ చేస్తే తిన్నాడా, మందులు అందాయా అని మాత్రం అడుగు. కేసు మాట వస్తే నువ్వే ఆపు.

1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం భారత కాన్సులేట్‌కు కబురు చేయమని అడిగే హక్కు అతనికి ఉంది. టెక్సస్‌కు హ్యూస్టన్ కాన్సులేట్. వాళ్లు కోర్టులో వాదించరు, కానీ లాయర్ల జాబితా ఇస్తారు, జైలుకు వెళ్లి చూడగలరు.

*

అక్కా, అన్నయ్యా, చాలా థాంక్స్. మా దగ్గర పెద్ద లాయరుకు ఇచ్చేంత డబ్బు లేదు. కోర్టు ఇచ్చే లాయరును నమ్మవచ్చా?

*

నమ్మవచ్చు తమ్ముడూ. 1963లో సుప్రీంకోర్టు గిడియన్ తీర్పు వచ్చినప్పటి నుంచి ఫెలనీ కేసులో స్తోమత లేనివారికి లాయరును ఇవ్వాల్సిందే, వీసా ఏదైనా సరే. జడ్జి ముందు ‘నాకు లాయరు కావాలి’ అని నోటితో అడగాలి, ఆదాయం కాగితం నింపాలి. వాళ్లలో రోజూ ఆ కోర్టులోనే నిలబడే గట్టివాళ్లు ఉన్నారు. ఇమిగ్రేషన్ కోర్టులో మాత్రం ప్రభుత్వం లాయరును ఇవ్వదు, ఉన్న డబ్బు దానికి దాచుకో. ప్రైవేటు లాయరును పెట్టుకుంటే ఆ ఫీజులో ట్రయల్ కలిసి ఉందో లేదో కాగితం మీద రాయించుకో.

పెదనాన్నకు ఈ రాత్రే చెప్పు. మీ అన్న పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి నమోదు) నకళ్లు లాయరు అడుగుతారు. ఇంటికి పంపిన కాపీలు ఆయన దగ్గర ఉంటాయి. గదిలో ఉన్న అతని ల్యాప్‌టాప్‌ను, సంచులను మాత్రం ముట్టుకోకు.