షోదోషిమా దీవికి అమ్మానాన్నలతో వెళ్తున్నాం, సలహా కావాలి

నమస్కారం అండీ. ఒసాకాలో ఉంటున్నాను. వచ్చే నెల అమ్మానాన్నలు వస్తున్నారు. వాళ్లని రెండు రోజులు షోదోషిమా తీసుకెళ్లాలని ఉంది. తకమత్సు రేవు నుంచి ఫెర్రీలో గంట ప్రయాణం.

కిందటేడు నేనొక్కణ్ణే వెళ్లాను. సోయా సాస్ తయారుచేసే చోట మనిషి కంటే ఎత్తైన చెక్క తొట్లు, వాటి అంచుల మీద నల్లగా పేరుకున్న పొర, ఆ పులిసిన వాసన ఇప్పటికీ గుర్తే. దాదాపు 400 ఏళ్లుగా అక్కడ ఆ పని సాగుతోంది. 1908లో జపాన్‌లో కొన్ని చోట్ల ఆలివ్ మొక్కలు నాటితే, నిలదొక్కుకున్నది ఈ దీవిలోనే. నాన్న రైతు, ఆ తోటలు చూస్తే ఎంతో సంబరపడతారు. ఒసాకా కోట గోడలకి రాళ్లు కొట్టిన చోటు కూడా చూపించాలి.

ఏంజెల్ రోడ్, అంటే ఆటు సమయంలో సముద్రంలోంచి తేలే ఇసుక దారి, మాత్రం చూడలేకపోయాను. నేను వెళ్లేసరికి పోటు వచ్చి అది మునిగిపోయింది.

అసలు టెన్షన్ అమ్మ భోజనం గురించే. ఆవిడ చేప ముట్టదు. అక్కడి సోమెన్ నూడుల్స్ మన సేమ్యాలా సన్నగా బాగుంటుంది కానీ, ముంచుకునే రసంలో మామూలుగా చేప కలుస్తుంది. చేప లేకుండా వండిపెట్టే బస ఏదైనా తెలుసా? నాన్నకి మోకాళ్ల నొప్పులు. బస్సులు సరిపోతాయా, కారు అద్దెకి తీసుకోమంటారా? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.