హెచ్2 తర్వాత నేరుగా హెచ్4 పెడితే ఏమవుతుంది?

గాజువాక కుర్రాడు: తెలిసినవాళ్ల ట్రావెల్స్‌కి వెబ్‌సైట్ చేస్తున్నాను. పేజీకి హెచ్1, అంటే అన్నిటికంటే పై లెవెల్ హెడింగ్, "విశాఖ నుంచి టూర్లు". కింద "అరకు ట్రిప్" హెచ్2. దాని కింద "బొర్రా గుహలు", "కాఫీ మ్యూజియం" వస్తాయి. హెచ్3 అక్షరాలు మరీ లావుగా ఉన్నాయని వీటికి హెచ్4 పెట్టేశాను. చూడ్డానికి బాగానే ఉంది. టెస్టింగ్ టూల్ మాత్రం మధ్యలో లెవెల్ వదిలేశావని గోల పెడుతోంది. పట్టించుకోవాలా?

ద్వారకానగర్ డిజైనర్: సైజు సీఎస్ఎస్ (పేజీ ఎలా కనిపించాలో చెప్పే కోడ్) పని తమ్ముడూ. హెచ్3 పెట్టి, ఫాంట్ సైజు నీకు నచ్చినంత తగ్గించుకో.

ఎంవీపీ శ్రోత: నాకు చూపు లేదండీ, స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్‌తో వింటాను. కొత్త పేజీ తెరిస్తే ముందు హెచ్ కీ నొక్కుతూ పోతాను. ఒక్కో హెడింగ్ దగ్గర ఆగి, పేరు, దాంతోపాటు లెవెల్ కూడా చెబుతుంది. అంకెలు నొక్కితే ఆ లెవెల్ హెడింగులకే వెళ్తుంది. మీ పేజీలో "అరకు ట్రిప్" దగ్గర 3 నొక్కాననుకోండి, తర్వాత లెవెల్ 3 ఏదీ లేదంటుంది. అరకు కింద ఇంకేం లేదు కాబోలనుకుని నేను వెళ్లిపోతాను. బొర్రా గుహలు అక్కడే ఉన్నా నాకు లేనట్టే.

ఇదైనా నయం. కొన్ని సైట్లలో అసలు హెడింగులే ఉండవు, అంతా డివ్‌లో (హెడింగ్ అని చెప్పని ఉత్త ట్యాగ్) బోల్డ్ అక్షరాలే. ఫోన్ నంబర్ కావాలంటే పేజీ మొత్తం వినాల్సిందే.

మద్దిలపాలెం బాబాయ్: టెన్షన్ పడకు బాబూ. లెవెల్ వదిలేసినంత మాత్రాన డబ్ల్యూసీఏజీలో (వైకల్యం ఉన్నవాళ్లకీ వెబ్‌సైట్లు అందేలా పెట్టిన ప్రమాణాలు) ఫెయిల్ అయినట్టు కాదు. అందులోని 1.3.1 నియమం అడిగేది కంటికి కనిపించే అమరిక కోడ్‌లోనూ ఉండాలని. అలాగని వదిలేయమనడం లేదు, పైన శ్రోత గారు చెప్పింది చదివావుగా. కిందికి దిగేటప్పుడే వరుస. పైకి వచ్చేటప్పుడు హెచ్4 నుంచి హెచ్2కి నేరుగా రావచ్చు, కొత్త విభాగం మొదలైనట్టు.

ఫైనలియర్: మాకు ప్రతి సెక్షన్‌కీ ఒక హెచ్1 పెట్టొచ్చని చెప్పారు, బ్రౌజరే లెవెల్ సర్దుకుంటుందట. నిజమేనా అన్నా?

ద్వారకానగర్ డిజైనర్: వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్5 కాగితం మీద ఆ మాట ఉండేది. ఏ బ్రౌజరూ అమలు చేయలేదు. చివరికి 2022లో ప్రమాణం నుంచే తీసేశారు. లెవెల్ నువ్వే చూసుకోవాలి. పేజీకి ఒక హెచ్1 చాలు, అది పేజీ దేని గురించో చెప్పాలి. చాలామంది లోగోకి ఇచ్చేస్తారు, నాకైతే అది నచ్చదు.

గాజువాక కుర్రాడు: హెచ్4లన్నీ హెచ్3 చేసి సైజు తగ్గించాను. శ్రోత గారూ, లింక్ మెసేజ్‌లో పంపాను, ఒకసారి వింటారా?

ఎంవీపీ శ్రోత: విన్నాను. బొర్రా, కాఫీ మ్యూజియం రెండూ వరుసగా వస్తున్నాయి. "సంప్రదించండి" మాత్రం ఇంకా హెడింగ్ కాలేదండీ, బోల్డ్‌లోనే ఉండిపోయినట్టుంది. దాన్ని హెచ్2 చేయండి, బుకింగ్‌కి ఫోన్ చేసేవాళ్లు ముందు వెతికేది అదే.